చేపాక్‌లో క్రికెట్ చూడదలచినవారికి

నెల్లూరు, విజయవాడ వైపు నుంచి రైలులో చెన్నై సెంట్రల్‌లో దిగేవారికి చేపాక్ స్టేడియం ఎంతో దగ్గర. సెంట్రల్‌లో మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే గవర్నమెంట్ ఎస్టేట్. అక్కడి నుంచి వాలాజా రోడ్డు మీదుగా మెరీనా వైపు నడిస్తే గేట్లు కనిపిస్తాయి. మ్యాచ్ రోజున కారు తీసుకువెళ్లడం నేను ఎవరికీ సూచించను.

టికెట్ కొనేటప్పుడు ధర కన్నా ముందు దిక్కు చూడండి. పగటి మ్యాచ్ అయితే తూర్పు వైపు కూర్చున్నవారి ముఖానికి సాయంత్రపు ఎండ సూటిగా తగులుతుంది కాబట్టి, పిల్లలతోనో పెద్దవారితోనో వెళ్లేవారు పడమటి స్టాండ్లను ఎంచుకోవడం మేలు. సముద్రం పక్కనే ఉన్నా ఉక్కపోత తప్పదు. నూలు బట్టలే వేసుకోండి. పెద్ద సంచులను, నీళ్ల సీసాలను సాధారణంగా లోపలికి అనుమతించరు.

వీలైతే టెస్ట్ మ్యాచ్‌కే వెళ్లండి. 1952లో ఇంగ్లండ్‌పై భారత్ తన తొలి టెస్ట్ విజయం సాధించినది ఇక్కడే. 1986లో ఆస్ట్రేలియాతో టెస్ట్ ఇరు జట్ల పరుగులూ సమమై టై అయినదీ ఇక్కడే. 1999లో పాకిస్థాన్ 12 పరుగుల తేడాతో గెలిచినప్పుడు, గుండె బరువెక్కినా లేచి నిలబడి ఆ జట్టుకు చప్పట్లు కొట్టిన ప్రేక్షకులు ఈ ఊరివారు. అందుచేత ప్రత్యర్థి మంచి షాట్ కొట్టినప్పుడు మీరూ మనసారా చప్పట్లు కొట్టండి, పక్కవారు తప్పక మాట కలుపుతారు.

ఆట ముగియగానే గేటు వద్ద తోసుకోకుండా కాసేపు ఆగి, ట్రిప్లికేన్ వైపు నడిచి రత్నా కేఫ్‌లో ఇడ్లీ సాంబారు తిని, రద్దీ తగ్గాక స్టేషనుకు బయలుదేరండి.