లైవ్ మైగ్రేషన్‌లో వర్ట్‌ఐఓ క్యూ లెక్క తప్పకుండా చూసుకోవడం ఎలా

నడుస్తున్న వీఎంని (వర్చువల్ మెషీన్) ఆపకుండా ఒక హోస్ట్ నుంచి ఇంకోదానికి తరలించారు, అదే లైవ్ మైగ్రేషన్. వీఎం కొత్త హోస్ట్ మీద లేచింది, పింగ్ కూడా వస్తోంది. కాసేపటికి నెట్‌వర్క్ ఆగిపోయింది. లేదంటే గెస్ట్ (వీఎం లోపలి ఓఎస్) కెర్నల్ లాగ్‌లో ‘ఐడీ 57 ఈజ్ నాట్ ఎ హెడ్’ అని ఒక్క లైను పడి, అక్కడితో ఆ క్యూ పనిచేయడం మానేసింది. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది ఒకటే: గెస్ట్ డ్రైవర్ దగ్గరున్న లెక్కకూ, డివైస్ దగ్గరున్న లెక్కకూ పొంతన కుదరలేదు. ఇక్కడ చెప్పేది లైనక్స్ గెస్ట్, క్యూఈఎంయూ (వీఎంని నడిపే ప్రోగ్రామ్), వెనకాల వీహోస్ట్ (క్యూఈఎంయూ బయట వర్ట్‌ఐఓ పని చేసే భాగం) లేదా వీడీపీఏ కార్డు (ఆ పనిని హార్డ్‌వేర్‌లోనే చేసేది) ఉన్న సెటప్ గురించి. వర్ట్‌ఐఓలో గెస్ట్ డ్రైవర్, డివైస్ పనులు ఇచ్చిపుచ్చుకునే క్యూ మెమరీలో రింగ్‌గా ఉంటుంది; అది స్ప్లిట్, ప్యాక్డ్ అని రెండు రకాలు. ముందు స్ప్లిట్ రింగ్ చూద్దాం, ప్యాక్డ్ రింగ్‌లో తేడా ఎక్కడో చివర్లో చెబుతాం.

మోయాల్సింది రెండే బైట్లు

256 సైజు క్యూ తీసుకోండి. డిస్క్రిప్టర్ టేబుల్‌లో (ఏ బఫర్ ఎక్కడుందో చెప్పే పట్టిక) ఒక్కోటి 16 బైట్లు, మొత్తం 4096. డ్రైవర్ పనులు ఇచ్చే అవైల్ రింగ్ 6 + 2×256, అంటే 518 బైట్లు. డివైస్ పూర్తయినవి తిరిగి ఇచ్చే యూజ్డ్ రింగ్ 6 + 8×256, అంటే 2054. ఈ మూడూ గెస్ట్ మెమరీలోనే ఉంటాయి కాబట్టి మెమరీతో పాటే కొత్త హోస్ట్‌కి వెళ్లిపోతాయి.

లెక్కలు మాత్రం నాలుగు. అవైల్ ఇండెక్స్ డ్రైవర్ రాస్తుంది, యూజ్డ్ ఇండెక్స్ డివైస్ రాస్తుంది. రెండూ రింగ్‌లోనే కనిపిస్తాయి. డ్రైవర్ తాను ఎంతవరకు వెనక్కి తీసుకుందో గుర్తుపెట్టుకునే లాస్ట్ యూజ్డ్ ఇండెక్స్ రింగ్‌లో ఉండదు. కానీ అదీ గెస్ట్ కెర్నల్ మెమరీలోదే, దాని బాధ్యత మనది కాదు. ఇక మిగిలింది నాలుగోది: డివైస్ తరువాత ఏ స్థానం నుంచి తీసుకోవాలో చెప్పే లాస్ట్ అవైల్ ఇండెక్స్. ఇది డివైస్ కడుపులో ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని, అవతల డివైస్‌కి అప్పజెప్పాలి. వీహోస్ట్‌లో గెట్ వ్రింగ్ బేస్, సెట్ వ్రింగ్ బేస్ అనే పిలుపులు ఉన్నది దీనికే. వీడీపీఏ డ్రైవర్‌లో గెట్ వీక్యూ స్టేట్, సెట్ వీక్యూ స్టేట్ అంటారు. ఈ అంకెనే ఇకపై బేస్ అంటాం.

ఈ లెక్కలన్నీ 16 బిట్లవి. క్యూ సైజు దగ్గర తిరగవు, 65535 తరువాతే సున్నాకి వస్తాయి. స్లాట్ కావాలంటే క్యూ సైజుతో భాగించిన శేషం తీసుకోవాలి. రెండు ఇండెక్సుల తేడాను సైన్ ఉన్న 32 బిట్ల వేరియబుల్‌లో వేస్తే ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటారు. 12 నుంచి 65528 తీసేస్తే 20 రావాలి. −65516 వచ్చిందంటే కోడ్ తప్పు.

ఈ అంకెలతోనే ఒక క్షణాన్ని ఆపి చూద్దాం. అవైల్ ఇండెక్స్ 12, డివైస్ లాస్ట్ అవైల్ 65528, యూజ్డ్ ఇండెక్స్ 65520. అంటే డివైస్ ఇంకా ముట్టుకోనివి 20, తీసుకుని పూర్తిచేయనివి 8, మొత్తం బాకీ 28. ఇది క్యూ సైజు 256కి మించకూడదు. ముట్టుకోనివి గానీ, పూర్తిచేయనివి గానీ విడిగా 256 మించితే క్యూఈఎంయూ స్టేట్ లోడ్ చేసేటప్పుడే ఇండెక్సులు కుదరలేదని పట్టేస్తుంది: డివైస్‌ని విరిగిందిగా గుర్తిస్తుంది, లేదా మైగ్రేషన్‌ని తిరగ్గొడుతుంది. అలా పట్టుకోవడం మన అదృష్టం. తేడా 256 లోపే ఉండిపోతే ఆ తనిఖీకి దొరకదు.

ఇప్పుడు అవతలి హోస్ట్‌లోని కార్డు డ్రైవర్ బేస్ పెట్టడం మరిచిపోయి సున్నా నుంచి మొదలుపెట్టిందనుకోండి. డివైస్ 0 నుంచి 11 వరకు స్లాట్లు తీసుకుంటుంది. 248 నుంచి 255 వరకున్న 8 డిస్క్రిప్టర్లు ఎవరికీ పట్టవు, ఎప్పటికీ తిరిగిరావు. అంతకంటే ఘోరం యూజ్డ్ వైపు జరుగుతుంది. కార్డు యూజ్డ్ లెక్క కూడా సున్నా నుంచే మొదలెట్టి, మొదటిది పూర్తికాగానే రింగ్‌లో 1 రాస్తుంది. గెస్ట్ దగ్గర చివరి లెక్క 65520. ‘17 కొత్తవి వచ్చాయి’ అనుకుని స్లాట్ 240 నుంచి చదువుతుంది. అక్కడి నుంచి 255 వరకున్నవన్నీ పాత చుట్టులో మిగిలిపోయిన ఐడీలు. ఆ ఐడీ డిస్క్రిప్టర్ ఇప్పుడు ఖాళీగా ఉంటే ‘నాట్ ఎ హెడ్’ అని క్యూని విరిగిందిగా గుర్తిస్తుంది. ఖాళీగా లేకుండా వేరే పనిలో ఉంటే మాట్లాడకుండా దాన్నే పూర్తయినట్టు లెక్కగడుతుంది. డిస్క్ అయితే రాయని డేటా రాసినట్టే. అందుకే కార్డు డ్రైవర్ రాసేవాళ్లు బేస్‌తో పాటు యూజ్డ్ మొదలు కూడా కార్డులో పెట్టాలి. కెర్నల్ వీహోస్ట్ మొదలయ్యేటప్పుడు యూజ్డ్ ఇండెక్స్‌ని గెస్ట్ మెమరీ నుంచే చదువుకుంటుంది. హార్డ్‌వేర్ తనంతట తాను ఆ పని చేస్తుందని అనుకోవద్దు.

ఆపే వరస

1. ముందు వీసీపీయూలు (గెస్ట్ వర్చువల్ సీపీయూలు) ఆపండి. అవైల్ ఇండెక్స్ ఇక కదలదు.
2. డివైస్‌ని సస్పెండ్ చేయండి. పిలుపు తిరిగి వచ్చాక కార్డు ఒక్క డిస్క్రిప్టర్ కూడా ముట్టకూడదు, గెస్ట్ మెమరీలోకి ఒక్క బైటూ రాయకూడదు. దారిలో ఉన్న రాతలు కూడా మెమరీకి చేరి ఉండాలి.
3. అప్పుడు మాత్రమే ఒక్కో క్యూ బేస్ అడగండి.
4. చివరి డర్టీ పేజీల (మారినందువల్ల మళ్లీ పంపాల్సిన మెమరీ పేజీల) లెక్క దీని తరువాతే తీయండి.
5. ఆ పైన స్టేట్ పంపండి.

రెండు, మూడు తారుమారైతే మీరు తీసుకున్న అంకె తీసుకున్న క్షణానికే పాతబడుతుంది. నాలుగోది ముందుకు జరిగితే మరో చిక్కు: కార్డు ఆఖరున రాసిన యూజ్డ్ రింగ్ పేజీ అవతలికి వెళ్లదు, బేస్ కొత్తది, యూజ్డ్ ఇండెక్స్ పాతది అవుతుంది. కార్డు డీఎంఏతో (సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలోకి) రాసింది కేవీఎం (లైనక్స్ కెర్నల్‌లోని హైపర్‌వైజర్) డర్టీ లాగ్‌లో పడదు. కార్డే లాగ్ చేయాలి, లేదా ఐఓఎంఎంయూ (డివైస్ చిరునామాలను మెమరీ చిరునామాలుగా మార్చే హార్డ్‌వేర్) ట్రాకింగ్ ఉండాలి, లేదా షాడో వర్ట్‌క్యూ (గెస్ట్‌కీ కార్డుకీ మధ్య క్యూఈఎంయూ పెట్టే సొంత రింగ్) వాడాలి. సొంతంగా లాగింగ్ రాసేవాళ్లు డేటా బఫర్లను గుర్తుపెట్టుకుని యూజ్డ్ రింగ్ పేజీని మరిచిపోవడం మామూలే.

సస్పెండ్ పిలుపు లైనక్స్ 6.0 నుంచి వీడీపీఏలో ఉంది. దాన్ని కార్డు డ్రైవర్ ఇవ్వకపోతే రీసెట్ ఒక్కటే దారి, రీసెట్ చేస్తే అంకె పోతుంది. అలాంటి కార్డుతో నేరుగా మైగ్రేషన్‌కి దిగకండి. మొదటి నుంచీ షాడో వర్ట్‌క్యూతో నడపండి. అందులో కార్డు చూసేది క్యూఈఎంయూ సొంత రింగ్‌ని, గెస్ట్ లెక్కలు క్యూఈఎంయూ చేతిలోనే ఉంటాయి. సీపీయూ ఖర్చు పెరుగుతుంది, లెక్క మాత్రం తప్పదు.

ప్రీఫెచ్ అనే దొంగ

కార్డులు రిసీవ్ బఫర్లను ముందుగానే తెచ్చిపెట్టుకుంటాయి. 32 తెచ్చుకునే కార్డు, తన ఫెచ్ పాయింటర్‌నే బేస్‌గా చెప్పిందనుకోండి. తెచ్చుకున్నా వాడని ఆ 32 బఫర్లు అవతలి కార్డుకి తెలియవు. గెస్ట్ మాత్రం అవి ఇంకా డివైస్ దగ్గరే ఉన్నాయనుకుంటుంది. ఒక్కో మైగ్రేషన్‌కి 32 చొప్పున 256 క్యూ ఎనిమిదో మైగ్రేషన్‌కి పూర్తిగా ఎండిపోతుంది. ఒకటి రెండు సార్లు పరీక్షించి ‘బాగానే ఉంది’ అనుకుంటే దొరకని తప్పు ఇది. నెట్‌వర్క్ క్యూలకు మందు సులువు: ట్రాన్స్‌మిట్‌లో తీసుకున్నవన్నీ పూర్తి చేయాలి, రిసీవ్‌లో వాడనివి వదిలేసి బేస్‌ని యూజ్డ్ ఇండెక్స్ దగ్గరికి వెనక్కి తేవాలి. ఆగిన క్యూలో రెండూ సమానం కావాలి. బేస్ అడిగితే వెనకనుంచి జవాబు రాకపోయినప్పుడు క్యూఈఎంయూ కూడా యూజ్డ్ ఇండెక్స్‌నే బేస్‌గా తీసుకుంటుంది.

డిస్క్ క్యూకి ఈ మందు పనికిరాదు. డిస్క్ పనులు వచ్చిన వరసలో పూర్తికావు. లాస్ట్ అవైల్ 100, యూజ్డ్ 96 అంటే నాలుగు బాకీ ఉన్నాయని తెలుస్తుంది కానీ ఏ నాలుగో తెలియదు. 97వది పూర్తయి 93వది మిగిలి ఉండొచ్చు. బేస్‌ని 96కి తెస్తే అయిపోయిన పని మళ్లీ చేస్తారు, అవ్వాల్సింది వదిలేస్తారు. కాబట్టి మైగ్రేషన్‌లో డిస్క్ తీసుకున్న పనులన్నీ పూర్తయ్యేదాకా ఆగాలి. వీహోస్ట్ యూజర్ ప్రాసెస్ (డివైస్ పనిని కెర్నల్ బయట చేసేది) మధ్యలో పడిపోయి మళ్లీ లేచే సందర్భానికి ఇన్‌ఫ్లైట్ షేర్డ్ మెమరీ ఉంది. ఏ హెడ్ (ఒక పనికి మొదటి డిస్క్రిప్టర్) బాకీ ఉందో ఒక్కోదానికీ అందులో రాసి ఉంటుంది. ఎస్పీడీకే లాంటి వీహోస్ట్ యూజర్ ప్రాసెస్‌లతో డిస్క్ ఇస్తున్నప్పుడు ఆ ఫీచర్ నెగోషియేట్ అయిందో లేదో చూడండి.

తిరిగి మొదలుపెట్టడం

అవతల ముందు రీసెట్. స్టేటస్‌కి 0 రాసి వదిలేయడం కాదు, తిరిగి చదివితే 0 వచ్చేదాకా ఆగాలి. హార్డ్‌వేర్‌కి సమయం పడుతుంది. తరువాత ఫీచర్లు, క్యూ సైజు, మూడు రింగ్ చిరునామాలు, ఆపైన బేస్, చివరికి డ్రైవర్ ఓకే (డివైస్‌ని పని మొదలుపెట్టమనే స్టేటస్ బిట్). డ్రైవర్ ఓకే పడ్డాక బేస్ రాస్తే కొన్ని కార్డులు పట్టించుకోవు, కొన్ని సగం పట్టించుకుంటాయి. రెండోది మరీ ప్రమాదం.

కంట్రోల్ క్యూ (కార్డు సెట్టింగుల ఆదేశాలు వెళ్లేది) ఉంటే మ్యాక్, వీలాన్, క్యూ జతల సంఖ్య, ఆర్‌ఎస్‌ఎస్ (వచ్చే ప్యాకెట్లను క్యూల మధ్య పంచే పద్ధతి) లాంటి ఆదేశాలన్నీ కార్డుకి మళ్లీ వినిపించాలి. అవి పూర్తయ్యాకే డేటా క్యూలు ఎనేబుల్ చేయాలి. లేకపోతే ఆర్‌ఎస్‌ఎస్ పడేలోపు ప్యాకెట్లు గెస్ట్ అనుకోని క్యూలో దిగుతాయి.

ఇక కిక్కులు, అంటే క్యూలో పని ఉందని గెస్ట్ డివైస్‌కి ఇచ్చే సంకేతాలు. ఆపే ముందు గెస్ట్ కొట్టిన కిక్ దారిలోనే పోయి ఉండొచ్చు, కార్డు ఇచ్చిన ఇంటరప్ట్ కూడా. పోయిందో లేదో కనిపెట్టే ప్రయత్నం చేయకండి. ప్రతి క్యూకీ ఒక కిక్, ఒక ఇంటరప్ట్ ఉత్తినే ఇవ్వండి. పని లేకుండా వచ్చిన ఇంటరప్ట్‌తో డ్రైవర్‌కి నష్టం లేదు. రావాల్సింది రాకపోతే క్యూ అలాగే కూర్చుంటుంది. ఈవెంట్ ఇండెక్స్ ఫీచర్ (అవసరం లేని సంకేతాలను తగ్గించేది) ఆన్ అయి ఉంటే ఇది మరీ ముఖ్యం. చివరిగా ఎప్పుడు సిగ్నల్ ఇచ్చామన్న పాత లెక్కని నమ్మకుండా మొదటి నోటిఫికేషన్‌ని తప్పకుండా పంపాలి.

గెస్ట్ రీబూట్ అయినప్పుడు కూడా ఇదే జాగ్రత్త, తలకిందులుగా. రీసెట్‌లో దాచిన బేస్‌ని చెరిపేయాలి. చెరపకపోతే కొత్త డ్రైవర్ సున్నా నుంచి మొదలెడితే డివైస్ పాత అంకె నుంచి చూస్తుంది, హోస్ట్ లాగ్‌లో ‘గెస్ట్ మూవ్డ్ యూజ్డ్ ఇండెక్స్’ అని పడుతుంది. గెస్ట్‌ని తిట్టుకోకండి, సాధారణంగా తప్పు మనదే.

ప్యాక్డ్ రింగ్‌లో లెక్క 15 బిట్లే. మిగిలిన ఒక బిట్ చుట్టు గుర్తు, దాని మొదటి విలువ 1. అవైల్, యూజ్డ్ రెండూ మోయాలి: కింది 16 బిట్లు అవైల్‌వి, పై 16 యూజ్డ్‌వి. కొత్త క్యూకి స్టేట్‌గా మొత్తం సున్నా పంపితే చుట్టు గుర్తు తప్పుతుంది, ఒక్క ప్యాకెట్ కూడా కదలదు.

ఏఆర్‌ఎమ్ సర్వర్ల మీద మాత్రమే తప్పు కనిపిస్తుంటే బ్యారియర్లు (మెమరీ రాతల వరస మారకుండా చూసే సూచనలు) చూడండి. నిజమైన హార్డ్‌వేర్ వెనక ఉన్నప్పుడు ఆర్డర్ ప్లాట్‌ఫామ్ ఫీచర్, అంటే 36వ బిట్, గెస్ట్‌కి అందాలి. అందకపోతే గెస్ట్ సీపీయూల మధ్యకు సరిపోయే బలహీన బ్యారియర్‌తో సరిపెట్టుకుంటుంది. డిస్క్రిప్టర్ కంటే ముందే ఇండెక్స్ కార్డు కంట పడుతుంది. ఎక్స్86 మీద ఇది చాలా వరకు బయటపడదు.

పరీక్షించేటప్పుడు

క్యూఈఎంయూ మానిటర్‌లో ఇన్ఫో వర్ట్‌ఐఓ క్యూ స్టేటస్ అనే ఆదేశం 7.2 నుంచి ఉంది. ట్రాఫిక్ ఆపి, లాస్ట్ అవైల్ నుంచి యూజ్డ్ తీసేయండి. ట్రాన్స్‌మిట్ క్యూలో సున్నా రావాలి. ప్రతి మైగ్రేషన్ తరువాతా రిసీవ్ క్యూలో ఆ అంకె పెరుగుతూ పోతుంటే పైన చెప్పిన ప్రీఫెచ్ దొంగ దొరికినట్టే. ఒక హెచ్చరిక: వీహోస్ట్ యూజర్‌లో గెట్ వ్రింగ్ బేస్ అడగడమంటే రింగ్‌ని ఆపడమే. నడుస్తున్న క్యూ మీద సరదాగా అడగొద్దు.

లెక్క చుట్టు తిరిగే చోటునే గురిపెట్టండి. సెకనుకు లక్ష ప్యాకెట్లు పోతుంటే 0.65 సెకనుకోసారి 65536 దాటుతుంది, కాబట్టి ఐపెర్ఫ్ (నెట్‌వర్క్ లోడ్ టూల్) నడుపుతూ మైగ్రేట్ చేస్తే చాలు. డిస్క్‌కి అంత వేగం ఉండదు. అక్కడ పరీక్ష కోడ్‌లోనే బేస్‌ని, రింగ్‌లోని ఇండెక్సులని 65530 నుంచి మొదలుపెట్టండి. డిస్క్ మీద ఎఫ్‌ఐఓ అనే లోడ్ టూల్‌ని సీఆర్‌సీ వెరిఫైతో (రాసిన డేటాని చెక్‌సమ్‌తో సరిచూసే ఆప్షన్) నడపండి, వెరిఫై లేకుండా నడిపితే తప్పుడు బఫర్ పూర్తయినట్టు వచ్చినా మీకు తెలియదు. రెండు హోస్ట్‌ల మధ్య అటూ ఇటూ కనీసం 20 సార్లు తిప్పండి, మధ్యలో ఒకట్రెండు సార్లు గెస్ట్‌ని రీబూట్ చేయండి.