చెయిన్ సా మొండికేస్తే: సమస్య ఏమిటి, కారణం ఎక్కడ, ఏం చేయాలి

ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం గాలివాన పడిందంటే ముందు విరిగేది తురాయి కొమ్మలే. వాటి వేళ్లు లోతుకు పోవు, కొయ్య పెళుసు. మర్నాడు పొద్దున అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ వాళ్లు, తోటపని కాంట్రాక్టర్లు స్టోర్ రూముల్లోంచి చెయిన్ సాలు బయటికి తీస్తారు. ఇక్కడ ఈ పని చేసేవాళ్లలో అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు చాలామంది. మిషన్‌తో పాటు వచ్చిన మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది, రెండో రోజుకే ఎక్కడో పోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

మామూలుగా ఇలాంటి వ్యాసాలు 'స్టార్ట్ కావడం లేదు' అన్న దగ్గర మొదలవుతాయి. నేను దాన్ని చివర్లో పెట్టాను. స్టార్ట్ కాని మిషన్ వల్ల పని ఆగుతుంది, అంతే. స్టార్ట్ అయి, ఏదో ఒక లోపంతో నడుస్తూ, 'ఈ ఒక్క చెట్టు అయ్యాక చూద్దాంలే' అనిపించే మిషన్‌తోనే కాళ్లు తెగుతాయి.

ఏది విప్పినా, ఏది ముట్టుకున్నా ముందు స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ క్యాప్ పీకండి. చైన్ ముట్టుకునేటప్పుడు చేతికి గ్లవ్స్ ఉండాలి.

రేస్ వదిలేసినా చైన్ తిరుగుతూనే ఉంది

ఇది కనిపిస్తే పని అక్కడికక్కడే ఆపాలి. ఒక కొమ్మ కోసి ఇంకో కొమ్మ దగ్గరికి అడుగు వేసేటప్పుడు బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనప పట్టీ, మీ తొడ పక్కనే ఉంటుంది. ఆ సమయంలో చైన్ కదలకూడదు. ఐడ్లింగ్‌లో తిరిగే చైన్ నెమ్మదిగానే కనిపిస్తుంది గానీ, ప్యాంటు గుడ్డను పట్టుకుని లాగడానికి ఆ వేగం చాలు.

చోక్ వేసి స్టార్ట్ చేస్తే చాలా మిషన్లలో రేస్ సగంలో లాక్ అయి ఉంటుంది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కి వదిలితే ఆ లాక్ విడిపోతుంది. అలా చేశాక కూడా చైన్ తిరుగుతుంటే ఐడ్లింగ్ స్క్రూ ఎక్కువ బిగిసి ఉందన్నమాట. దాని పక్కన ఎల్‌ఏ అనో, టి అనో రాసి ఉంటుంది. ఈ ఒక్క పనికి మాత్రం ఇంజన్ నడుస్తూ ఉండాలి: కాసేపు వేడెక్కాక ఆ స్క్రూను గడియారం ముల్లుకు ఎదురు దిశలో కొద్దికొద్దిగా తిప్పండి. చైన్ ఆగాక అదే వైపు ఇంకో అర చుట్టు తిప్పి వదిలేయండి.

స్క్రూ వదులు చేస్తే ఇంజన్ ఆగిపోతోంది, బిగిస్తే చైన్ తిరుగుతోంది అంటే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి చూడండి. అప్పటికీ అంతే ఉంటే క్లచ్ స్ప్రింగ్ సాగిపోయి గానీ, తెగిపోయి గానీ ఉంటుంది. చాలా మిషన్లలో క్లచ్‌కు ఎడమ మర ఉంటుంది. తెలియక మామూలు వైపు తిప్పితే ఇంకా బిగుస్తుంది. అలవాటు లేనివాళ్లు మెకానిక్‌కే ఇవ్వడం మంచిది. స్ప్రింగ్ చిన్న వస్తువే, కానీ అది మార్చేదాకా ఆ మిషన్‌తో ఒక్క రెమ్మ కూడా కోయొద్దు.

చైన్ బ్రేక్ పట్టడం లేదు

రోజూ పని మొదలు పెట్టే ముందే చూసుకోవాల్సింది ఇది. మిషన్‌ను గట్టి నేల మీద పెట్టి, బార్ దేనికీ తగలకుండా చూసి, ముందున్న గార్డును ముందుకు నెట్టి బ్రేక్ వేయండి. ఒక్క క్షణం ఫుల్ రేస్ ఇవ్వండి. చైన్ కదలకూడదు. కదిలితే బ్రేక్ పట్టీ అరిగిపోయి ఉండాలి, లేదా కవర్ లోపల నూనెతో తడిసిన పొట్టు గడ్డకట్టి ఉండాలి. కవర్ విప్పి పాత టూత్ బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ పరీక్షించండి. అప్పుడూ పట్టకపోతే పట్టీ మార్చాల్సిందే.

మిషన్ ఒక్కసారిగా ముఖం మీదికి ఎగిరింది

కిక్‌బ్యాక్ అనేది ఇదే. బార్ ముక్కులో పై సగం దేనికైనా తగిలితే చైన్ పన్ను అక్కడ ఇరుక్కుంటుంది. చైన్ ముందుకు పోలేక మొత్తం బార్‌నే పైకి, వెనక్కి విసురుతుంది. రెప్ప వేసేలోపు అయిపోతుంది కాబట్టి, అప్పుడు చూసుకుందాంలే అనుకోవడానికి లేదు.

కారణం చాలాసార్లు కోస్తున్న కొమ్మలో ఉండదు, దాని వెనక ఉంటుంది. పడిపోయిన చెట్టులో కొమ్మలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ముందున్న కొమ్మ కోస్తుంటే బార్ ముక్కు వెనక కొమ్మకు తగులుతుంది. కాంపౌండ్ గోడ పక్కన కోసేటప్పుడు గోడకే తగులుతుంది. కోసే ముందు ముక్కు ఎక్కడిదాకా పోతుందో చూసుకోండి, అడ్డొచ్చే సన్న కొమ్మలను ముందే తీసేయండి.

పట్టు సంగతి ఇంకా ముఖ్యం. ఎడమ చెయ్యి ముందు హ్యాండిల్ మీద, కుడి చెయ్యి వెనక హ్యాండిల్ మీద ఉండాలి. ఎడమచేతి వాటం వాళ్లకూ ఇదే పద్ధతి. ఎడమ బొటనవేలు హ్యాండిల్ కింది నుంచి చుట్టి రావాలి. చాలామంది ఆ బొటనవేలిని మిగతా వేళ్లతో పాటు పైనే పెడతారు. మిషన్ ఎగిరినప్పుడు ఆ చెయ్యి జారిపోతుంది. బొటనవేలు కింద ఉంటే పట్టు నిలుస్తుంది, మణికట్టు గార్డుకు తగిలి బ్రేక్ కూడా పడుతుంది. తల బార్‌కు సూటిగా ఉండకూడదు, కొంచెం ఎడమ పక్కకు ఉండాలి. భుజం కన్నా ఎత్తులో, నిచ్చెన ఎక్కి, ఒంటి చేత్తో అసలు కోయొద్దు. పై కొమ్మలు అందకపోతే పోల్ సా (పొడవాటి కర్ర చివర బిగించిన రంపం) తెప్పించుకోండి.

హెల్మెట్, ముఖానికి జాలీ, చెవులకు మఫ్, గట్టి బూట్లు, చైన్‌ను ఆపే లెగ్గింగ్స్ వేసుకోకుండా మొదలుపెట్టొద్దు. లుంగీ, మెడలో తువ్వాలు పనికిరావు.

పొట్టు పిండిలా రాలుతోంది, ఒత్తితేగానీ దిగడం లేదు

పదును ఉన్న చైన్ గోధుమపిండిని కాదు, చిన్న చిన్న చెక్క తునకలను రాలుస్తుంది. పొట్టు సన్నగా, పొడిగా వస్తోందంటే చైన్ మొద్దుబారింది. 'అన్నా, ఇంకొంచెం ఒత్తితే తెగుతుంది' అని కుర్రాళ్లు బార్ మీద బరువంతా వేస్తారు. కొమ్మ హఠాత్తుగా తెగినప్పుడు ఆ బరువుతోనే మిషన్ కిందికి, కాలి మీదికి వస్తుంది.

ఒక పన్ను దగ్గరగా ఎండలో పట్టుకుని చూడండి. పదునున్న అంచు మీద వెలుతురు నిలవదు. మొద్దుబారిన అంచు మీద సన్నని తెల్లటి గీత మెరుస్తుంది. ఆ గీత పోయేదాకా ఆకురాయితో రుద్దాలి. గుండ్రటి ఆకురాయే వాడాలి, దాని సైజు చైన్‌ను బట్టి ఉంటుంది (3/8, .325 అనేవి చైన్ లింకుల మధ్య దూరాన్ని అంగుళాల్లో చెప్పే అంకెలు): చిన్న మిషన్ల 3/8 లో ప్రొఫైల్ చైన్‌కు 4 మిల్లీమీటర్లు, .325 చైన్‌కు 4.8, పెద్ద 3/8 చైన్‌కు సాధారణంగా 5.2. లోపలి నుంచి బయటికి మాత్రమే తొయ్యండి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. కోణం చాలా చైన్లకు 30 డిగ్రీలు, పన్ను పైభాగంలో గీత వేసే ఉంటుంది. అన్నిటికన్నా పొట్టి పన్నును చూసి మిగతావన్నీ దాని పొడవుకే తేవాలి.

పన్ను ముందు చిన్న మొటిమ లాంటిది ఉంటుంది, దాన్నే డెప్త్ గేజ్ అంటారు. నాలుగైదు సార్లు పదును పెట్టాక దాన్ని కూడా కొద్దిగా దించాలి. చాలా చైన్లకు పన్ను అంచు కన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉంటే చాలు. గేజ్ పట్టీ పెట్టకుండా కంటి అంచనాతో ఎక్కువ దించేస్తే పన్ను లోతుగా కొరికి కిక్‌బ్యాక్ పెరుగుతుంది.

కొత్త చైన్ వేసినా అసలు కోయకుండా పొగ వస్తోందా? చైన్ తిరగేసి వేశారు. బార్ పైభాగంలో పళ్ల పదును ముక్కు వైపుకు చూడాలి.

బెంగళూరు రోడ్డు పక్క చెట్లలో చైన్ త్వరగా పోవడానికి ఇంకో కారణం ఉంది: మేకులు. ట్యూషన్ బోర్డు, పీజీ బోర్డు, ఇంటర్నెట్ కేబుల్ క్లిప్పు, ఏదో ఒకటి కొట్టని మాను తక్కువ. బెరడు మీద నల్లటి మచ్చ, తుప్పు కారిన గీత కనిపిస్తే అక్కడ కోయొద్దు. తీగల సంగతీ చెప్పాలి. పడిన చెట్టులో చిక్కుకున్న తీగ కేబుల్‌దా, కరెంటుదా అని మీరు తేల్చుకోవద్దు. కరెంటు సంస్థ బెస్కాం నంబరు 1912కు చెప్పి, వాళ్లు వచ్చి లైన్ ఆపామని అన్నాకే మిషన్ చేతికి తీసుకోండి. నిలబడి ఉన్న చెట్టు నరకాలంటే 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి. మీ ఇంటి ఆవరణలోని చెట్టయినా సరే.

కోత వంకరగా పోతోంది

ఒక వైపు పళ్లు పొడుగ్గా, ఇంకో వైపు పొట్టిగా ఉన్నాయి. కుడిచేత్తో రుద్దేవాళ్లకు ఒక వైపు బాగా కుదురుతుంది, అందుకే ఇలా అవుతుంది. పళ్లు సమంగానే ఉంటే బార్ అంచులు చూడండి. ఒక అంచు అరిగి ఉంటే బార్ మార్చాలి. ప్రతిసారీ బార్‌ను తిరగేసి బిగిస్తూ ఉంటే రెండు అంచులూ సమంగా అరుగుతాయి.

చైన్ వదులై బార్ మీంచి ఊడిపోతోంది

కొత్త చైన్ మొదటి గంటలోనే సాగుతుంది, కాబట్టి పదే పదే చూసుకోవాలి. కవర్ నట్లు కొంచెం వదులు చేసి, బార్ ముక్కును చేత్తో పైకి ఎత్తి పట్టుకుని టెన్షన్ స్క్రూ తిప్పండి. చైన్ కింది వైపు బార్‌ను ఆనుకుని ఉండాలి, గ్లవ్స్ చేత్తో లాగితే తేలిగ్గా తిరగాలి. ముక్కు ఎత్తి పట్టుకునే నట్లు బిగించండి. వేడి మీద బిగించిన చైన్‌ను పని అయ్యాక కాస్త వదులు చేయడం మరిచిపోవద్దు. చల్లారాక అది కుంచించుకుపోయి క్రాంక్ బేరింగ్‌ను లాగేస్తుంది.

బార్ దుంగలో ఇరుక్కుపోయింది

రేస్ పెంచి లాగొద్దు. ఇంజన్ ఆపండి. దుంగ బరువు ఎటు ఉందో చూడకుండా కోస్తే ఇదే జరుగుతుంది. రెండు చివరలూ ఎత్తు మీద ఆని, మధ్యలో ఖాళీ ఉంటే దుంగ పైభాగం నొక్కుకుంటూ ఉంటుంది. ముందు పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందినుంచి కోయాలి. ఒక చివర గాలిలో ఉంటే దీనికి ఉల్టా: ముందు కింద, తర్వాత పైన. ఇరుక్కున్న బార్‌ను తీయడానికి కోతలో ప్లాస్టిక్ చీలగానీ, చెక్క చీలగానీ కొట్టండి. ఇనప చీల చైన్‌కు తగిలితే పళ్లు పోతాయి.

బార్ దగ్గర పొగ, చైన్ నల్లబడుతోంది

నూనె అందడం లేదు. ఒక అట్టముక్క మీదికి బార్ ముక్కు చూపించి, తగలకుండా రేస్ ఇవ్వండి. సన్నటి నూనె చారలు పడాలి. పడకపోతే నూనె ట్యాంకు ఖాళీ అయి ఉండాలి, లేదా బార్‌లోని నూనె రంధ్రం పొట్టుతో మూసుకుపోయి ఉండాలి. బార్ విప్పి ఆ రంధ్రాన్నీ, గాడినీ సన్న రేకుతో గీకండి. పెట్రోల్ నింపిన ప్రతిసారీ నూనె కూడా నింపడం అలవాటు చేసుకోండి. వాడేసిన ఇంజన్ ఆయిల్ పోయొద్దు, అందులోని మడ్డి పంపును తినేస్తుంది.

ఎంత లాగినా స్టార్ట్ కావడం లేదు

ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉంటే ఓవర్ ఫ్లో అయింది: చోక్ తీసేసి, స్విచ్ ఆఫ్‌లో ఉంచి, ప్లగ్ లేకుండా ఏడెనిమిది సార్లు తాడు లాగి, ప్లగ్ తుడిచి బిగించండి. పొడిగా ఉంటే పెట్రోల్ రావడం లేదు. ప్లగ్ గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు ఉండాలి. స్టార్ట్ చేసేటప్పుడు మిషన్ నేల మీద ఉండాలి, కుడి పాదం వెనక హ్యాండిల్‌లో ఉండాలి, బ్రేక్ వేసి ఉండాలి. గాల్లో ఊపుతూ తాడు లాగడం ప్రమాదం.

ఆరు నెలలు పక్కన పెట్టిన మిషన్ అయితే తప్పు దాదాపు ఎప్పుడూ ట్యాంకులోని పెట్రోల్‌దే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌ను 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే ప్రారంభించారు, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. చాలా చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లు 10 శాతం ఇథనాల్ వరకు తట్టుకునేలా చేసినవి. ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి. పెట్రోల్ పీల్చే ఫిల్టర్ ఉండేది కూడా అక్కడే. ఆ అడుగు పొరలో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ కోసం పెట్రోల్‌లో కలిపే నూనె) ఉండదు, దాంతో నడిస్తే పిస్టన్ పట్టేస్తుంది. కార్బొరేటర్‌లోని రబ్బరు పొర కూడా గట్టిపడుతుంది.

కాబట్టి నెల దాటిన మిశ్రమం పారబోయండి, కానీ డ్రైనేజీలో మాత్రం వద్దు. తాజా పెట్రోల్‌లో మంచి టూటీ ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50:1. మీ మిషన్ మీద 25:1 అని రాసి ఉంటే 40 మిల్లీలీటర్లు. సీసా మూతతో అంచనా వేయకుండా కొలగ్లాసు వాడండి. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి దాచిపెట్టండి.

స్టార్ట్ అయి ఐదు నిమిషాలకు ఆగిపోతోంది

ట్యాంకు మూత కొంచెం వదులు చేయండి. 'ఉస్స్' మని గాలి లోపలికి పోయి మళ్లీ స్టార్ట్ అయితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. మూత వదులుగా పెట్టి పని కానివ్వొద్దు, వేడి సైలెన్సర్ మీద పెట్రోల్ చిందుతుంది. రంధ్రం శుభ్రం చేయండి లేదా మూత మార్చండి. పెట్రోల్ నింపేటప్పుడు కూడా ఇంజన్ చల్లారనివ్వాలి, నింపిన చోటు నుంచి కనీసం మూడు మీటర్లు పక్కకు వచ్చి స్టార్ట్ చేయాలి.

ఊరికి తీసుకెళ్తే తేడాగా నడుస్తోంది

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది. ఇక్కడ గాలి పలచన, దానికి తగ్గట్టే మెకానిక్ కార్బొరేటర్ తిప్పి ఉంటాడు. అదే మిషన్‌ను నెల్లూరు తోటకు తీసుకెళ్తే గాలి చిక్కన, పెట్రోల్ చాలదు. ఇంజన్ కీచుమని ఎక్కువ రేస్ అందుకుంటుంది, వేడెక్కి సీజ్ అవుతుంది. అక్కడికి వెళ్లాక కార్బొరేటర్ మీద హెచ్ అని రాసి ఉన్న స్క్రూను (ఫుల్ రేస్‌లో పెట్రోల్ ఎంత పోవాలో చెప్పేది అదే) ఒకసారి సరిచేయించండి. దీనికి ఉల్టాగా, కోస్తాలో కొన్న మిషన్ ఇక్కడ కాస్త ఎక్కువ పొగ వేసి బరువుగా నడవచ్చు, దాని వల్ల ప్రమాదం లేదు.

అన్నీ చూశాం, అయినా పవర్ లేదు

స్విచ్ ఆఫ్ చేసి, మిషన్‌ను స్టార్టర్ తాడు పిడితో పట్టుకుని నేలకు కాస్త ఎత్తులో వేలాడదీయండి. మంచి కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి దిగుతుంది. గబుక్కున జారిపోతే పిస్టన్ రింగులు అయిపోయాయి. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి. పిస్టన్ గోడ మీద నిలువు గీతలు కనిపిస్తే సిలిండర్ కిట్ మార్చాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డు షాపుల్లో కిట్ ధర కనుక్కుని, మిషన్ ధరతో పోల్చి చూసుకుని, అప్పుడు రిపేరుకు ఇవ్వండి.