ఒకే ట్రాక్టర్‌కి లోడరూ, టిప్పింగ్ ట్రాలీ: పైపులు ఎలా కలపాలి

లోడర్‌కి డబుల్ యాక్టింగ్ వాల్వ్ కావాలి, బూమ్ (లోడర్ చెయ్యి) లేపడానికీ దించడానికీ రెండువైపులా ఆయిల్ తొయ్యాలి కదా, ట్రాలీ జాకీ మాత్రం చాలావరకు సింగిల్ యాక్టింగే, ఒక్క పైపు చాలు, బరువుకి అదే దిగుతుంది. పంపు ప్రెషర్ ముందు లోడర్ వాల్వ్‌లోకి, దాని పవర్ బియాండ్ పోర్టు (ప్రెషర్ ఆయిల్‌ని తర్వాతి వాల్వ్‌కి పంపే రంధ్రం) నుంచి ట్రాక్టర్ లిఫ్ట్, ట్రాలీ లైన్‌కి. ట్యాంక్ రిటర్న్ (ఆయిల్ వెనక్కి వెళ్లే లైన్) మాత్రం వేరే పైపుతో నేరుగా ట్రాక్టర్ ఆయిల్ ఉండే హౌసింగ్‌లోకే, ఇక్కడ తేడా వస్తే వాల్వ్ బాడీ పగిలిపోతుంది, మెకానిక్ తొందరపెట్టినా ఒప్పుకోకండి.

కప్లర్లు (పైపుల చివర కలిపే జాయింట్లు) తుడిచాకే పెట్టండి, అంటిన ఇసుక ఆయిల్‌లో కలిసి పంపునీ వాల్వ్‌నీ తినేస్తుంది. బూమ్, ట్రాలీ దించి ఆయిల్ చూడండి, తక్కువుంటే జాకీ లేచేసరికి పంపు గాలి పీలుస్తుంది.

లీకు చేత్తో వెతకొద్దు, సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది, అట్టముక్క వాడండి. లేచిన ట్రాలీ కిందకి గట్టి సపోర్ట్ పెట్టకుండా అస్సలు దూరొద్దు.