పిల్లల హెచ్‌ఐవీ మందు (ఏఆర్‌టీ) అడుగంటిందా? సీసాను సాగదీయకండి

మొన్న ఒక తల్లి చూపించిన సిరప్ సీసా మీద బాల్‌పెన్ గీతలున్నాయి. పైన గీతకీ గీతకీ మధ్య బాగానే ఎడం ఉంది. కిందికొచ్చేసరికి ఒకదాన్నొకటి ఆనుకుపోయాయి. "స్టాక్ లేదన్నారండీ, వచ్చేదాకా సర్దుదామని తగ్గించి పోశాను" అంది. ఎనిమిది నెలల ఆ బాబు ఇప్పుడు నిమోనియాతో ఆసుపత్రిలో ఉన్నాడు.

మందుల కొరత కొత్త కాదు. 2017లో లోపినావిర్ సిరప్ దొరక్క హెచ్‌ఐవీ ఉన్న పిల్లలే ప్రధానమంత్రికి ఉత్తరం రాశారు. 2022లో ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (న్యాకో) ఆఫీసు ముందు బాధితులు నెలకు పైగా బైఠాయించారు. మళ్లీ రాదన్న గ్యారంటీ లేదు.

టైముకి వేయండి, చేతులు కడుక్కోండి లాంటివి కౌన్సిలర్ చెప్పే ఉంటారు. నేను చెప్పేది వేరు. మందు తక్కువుందని డోసు తగ్గించకండి, రోజు మార్చి రోజు వేయకండి. చాలని డోసు వైరస్‌ను అణచదు, పైగా ఆ మందుకు లొంగకుండా తయారుచేస్తుంది. తర్వాత స్టాక్ వచ్చినా ఉపయోగం లేకపోవచ్చు. పసిపిల్లలకు వేయగల మందులే తక్కువ, అందులో ఒకటి పోగొట్టుకున్నట్టే. బొద్దుగానే ఉన్నాడు కదా అని మోసపోవద్దు. చికిత్స అందని పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది ఏడాది లోపే, సగం మంది రెండేళ్ల లోపే చనిపోతారు.

అయిపోకముందే

పది రోజుల మందు ఉండగానే మందిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి ఫోన్ చేయండి. అక్కడ లేకపోతే పక్క జిల్లా సెంటర్‌లో ఉందేమో వాళ్లనే కనుక్కోమనండి. చికిత్స వివరాలు రాసుండే గ్రీన్ బుక్ పట్టుకుని అక్కడికి వెళ్లండి. "వచ్చే వారం రండి" అంటే తిరిగొచ్చేయకండి, మెడికల్ ఆఫీసర్‌ని కలిసే కదలండి. సిరప్‌కి బదులు నీళ్లలో కరిగే మాత్ర ఇవ్వొచ్చేమో బిడ్డ బరువు చూసి ఆయనే చెప్పాలి. ఎవరూ పలకకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

బిడ్డకు వేసే మందుల్లో ఒకటే దొరికిందా? ఆ ఒక్కటే వేస్తూ కూర్చోవడం కూడా సాగదీయడమే. అదే రోజు డాక్టర్‌కి చెప్పండి.

పరీక్ష

హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు ఆరో వారంలో మడమ గుచ్చి అట్ట మీద తీసే రక్తపు బొట్ల పరీక్ష తప్పనిసరి. బయట ల్యాబ్‌లో చేసే మామూలు యాంటీబాడీ టెస్టులో పాజిటివ్ వచ్చినా పద్దెనిమిది నెలల లోపు అది తేల్చి చెప్పదు, తల్లి యాంటీబాడీలే అందులో కనపడొచ్చు. అట్ట పరీక్షలో పాజిటివ్ వస్తే మాత్రం పుట్టినప్పటి నుంచి ముందుజాగ్రత్తగా వేసే నెవిరపిన్ ఒక్కదానితో రోజులు నెట్టకండి. పూర్తి చికిత్స వెంటనే మొదలవ్వాలి.

ఇక ఇవి కూడా:

- తల్లి మాత్ర విరిచి బిడ్డకు వేయొద్దు. ఇద్దరికీ చేటు.
- నెలనెలా తూకం వేయించండి. మూడో నెల డోసు ఎనిమిదో నెలకు చాలదు. తెలియకుండానే తగ్గించినట్టు.
- సిరంజితోనే కొలవండి. చెంచా వద్దు.
- కరిగే మాత్ర తాగించాక గ్లాసులో కాసిని నీళ్లు పోసి తిప్పి, అవీ పట్టండి. అడుగున మిగిలేదీ డోసే.
- అరగంట లోపు కక్కేస్తే మళ్లీ వేయాలి.
- ఐరన్, కాల్షియం చుక్కలు డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందుతో కలిపి వేయొద్దు.
- కోట్రైమాక్సజోల్ ఆపొద్దు. నిమోనియాకి అదే అడ్డు.
- తల్లిపాలు ఇస్తుంటే ఆరు నెలలు అవే. తేనె వద్దు, ఆముదం వద్దు, గ్రైప్ వాటర్ వద్దు, గేదెపాలు వద్దు.
- పాలిచ్చే తల్లి తన మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు.
- పెళ్లికెళ్తే చుట్టాలు చూస్తారని మందు ఇంట్లో వదిలేయొద్దు. బలం టానిక్ అని చెప్పండి, వేయండి.
- ఎగశ్వాస, పాలు పట్టకపోవడం, మత్తుగా పడుండటం: 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా చూడొద్దు.
- ఎన్ని డోసులు తగ్గించారో, ఎన్ని మానేశారో డాక్టర్ దగ్గర దాచొద్దు. తిడితే తిట్టించుకోండి. ఆ లెక్క చూసే ఆయన తర్వాతి మందు ఎంచుతారు.