టీవీ గోడకి బిగించే ముందు

ముందు గోడని వేళ్లతో తట్టండి. డొల్లగా మోగితే లోపల ప్లాస్టరింగ్ గోడ నుంచి ఊడినట్టే, ఆ చోటు వద్దు. శ్రీకాకుళం పల్లెల్లో పాత పెంకుటిళ్ల మట్టిగోడైతే అసలు వద్దు, స్టాండే మేలు. కళింగపట్నం వైపు ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి.

స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టొద్దు, గోడలో వైర్ల పైపు ఉంటుంది. ఆ గది ఎంసీబీ (మీటర్ బోర్డులో కరెంటు ఆపే స్విచ్) ఆపేసి, డ్రిల్‌కి కరెంటు పక్కగది నుంచి లాగండి.

టీవీ వెనక బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచాకే (200×200, 400×200 మిల్లీమీటర్లు ఇలా) బ్రాకెట్ కొనండి. బోల్టు పొడవైతే లోపల ప్యానెల్‌కి దెబ్బ. పిల్లల్ని బయటికి పంపి, ఎత్తడానికి ఇద్దరుండండి.