జింక్ ఆక్సైడ్ ఫిల్మ్ మసకబారుతోందా? ముందు చెమ్మ సంగతి చూడండి

సమస్య: గాజు స్లైడ్ మీద సోల్-జెల్ పద్ధతిలో (సోల్ అనే జింక్ ద్రావణాన్ని పల్చగా పూసి, ఆరబెట్టి కాల్చడం) వేసిన జింక్ ఆక్సైడ్ ఫిల్మ్ పారదర్శకంగా రాకుండా తెల్లగా మసకబారుతుంది. యూవీ సెన్సర్ చేస్తే ఒక్కో ముక్కలో కరెంటు ఒక్కోలా వస్తుంది. వేవ్‌గైడ్‌కైతే (వెలుగును తన గుండా నడిపించే పొర) అసలు పనికిరాదు, వెలుగు దారిలోనే చెదిరిపోతుంది.

"సార్, ఎక్స్‌ఆర్‌డీకి పంపమంటారా?" అని అడుగుతారు వెంటనే. ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే ఆ పరీక్ష తర్వాత. గాజు సరిగ్గా కడిగారా? సబ్బునీళ్ళు, అసిటోన్, ఐసోప్రొపనాల్ అన్నీ అయ్యాక స్లైడ్ మీద డిస్టిల్డ్ వాటర్ పోసి చూడండి. నీళ్ళు పల్చగా పరుచుకోవాలి. ఎక్కడైనా విడిపోయి చుక్కలు కడితే అక్కడ జిడ్డు ఉన్నట్టే. అర నిమిషం పట్టని ఈ పరీక్ష ఎందుకు ఎగ్గొడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గాజు శుభ్రంగానే ఉంది, రెసిపీ మారలేదు, అయినా నిన్న బాగా వచ్చిన ఫిల్మ్ ఇవాళ మసకబారిందా? అయితే చెమ్మే. భీమవరం, అమలాపురం వైపు ఎటు చూసినా కాలువలు, చెరువులు. గాలిలో తేమ ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టే ల్యాబ్‌లో ఏసీ పెడతారు. తిరకాసు అక్కడే ఉంది. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో దాదాపు 28 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పడుతుంది. 24 డిగ్రీల ఏసీ గదిలో ఉంచిన స్లైడ్‌ను, స్పిన్ కోటర్ (స్లైడ్‌ను గిరగిరా తిప్పి సోల్‌ను పల్చగా పరిచే యంత్రం) ఉన్న మామూలు గదిలోకి తెస్తే, ఏసీ కారు దిగగానే కళ్ళజోడుకి పట్టినట్టు దానికీ ఆవిరి పడుతుంది. పల్చగా పడితే కంటికి ఆనదు కూడా. కరెంటు పోయిందని ఏసీ గది తలుపు బార్లా తీసినా ఇదే కథ.

ఫ్రిజ్‌లో పెట్టిన సోల్ సీసా ఇంతకన్నా దొంగ. చల్లగా ఉండగానే మూత తీస్తే గాలిలోని నీరు లోపలికి చేరుతుంది. జింక్ అసిటేట్ సోల్‌కి అదనపు నీరు పడదు. రోజులు గడిచేకొద్దీ మబ్బు పట్టి, అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. అప్పటిదాకా తప్పు స్పిన్ కోటర్ మీదికి పోతుంది.

తేల్చుకోవడం ఇలా: ఒకే సోల్‌తో రెండు స్లైడ్లు కోట్ చేయండి. ఒకటి ఏసీ గది నుంచి నేరుగా తెచ్చింది, రెండోది హాట్‌ప్లేట్ మీద 50 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు వెచ్చబెట్టింది. కాల్చాక నల్ల కాగితం మీద పెట్టి టార్చిలైటు ఏటవాలుగా వేయండి. మొదటిది బూడిదరంగులో కనబడి, వెచ్చబెట్టింది నల్లగా తేటగా ఉంటే తప్పు చల్లటి గాజుదే. రెండూ మసకగా ఉంటే సోల్‌ను అనుమానించండి, కొత్తది కలపండి.

పరిష్కారం: స్లైడ్ ఎప్పుడూ గది కన్నా కాస్త వెచ్చగా ఉండాలి. సీసాను మూత తీయకుండా గంటసేపు బయట ఉంచి, పైన పట్టిన నీటిని తుడిచి, అప్పుడు తెరవండి. హాట్‌ప్లేట్ స్పిన్ కోటర్ పక్కనే ఉండాలి, పక్క గదిలో కాదు. తిరగడం ఆగిన వెంటనే స్లైడ్ దాని మీదికి వెళ్ళిపోవాలి. గాలిలో తేమ కొలిచే ఒక చవక హైగ్రోమీటర్ గోడకి తగిలించండి. అది 60 శాతం దాటిన రోజు నేనైతే కోటింగ్ జోలికి పోను.

హాట్‌ప్లేట్ డిస్‌ప్లే తప్పు చూపడం, సోల్‌లో కలిపే మోనోఇథనాల్ ఎమైన్ పాతబడటం లాంటివి ఉంటాయి కానీ అరుదు, చివర్లో చూసుకోండి. మామూలు గాజు స్లైడ్‌ను 500 డిగ్రీలు దాటించకండి, వంగుతుంది.

ఫిల్మ్ తేటగానే ఉండి, యూవీ లైటు ఆపినా సెన్సర్ కరెంటు దిగిరాకపోతే అది చెమ్మ గొడవ కాదు. వెలుతురు తగిలిన జింక్ ఆక్సైడ్ మళ్ళీ మామూలు కావడానికి గంటలు పడుతుంది. రాత్రంతా చీకటి డబ్బాలో ఉంచి పొద్దున్నే కొలవండి.