కార్పెట్ తీసినా వదలని జిగట, వాసన: సమస్య - పరిష్కారం

హైదరాబాదులోని పాత అపార్ట్‌మెంట్లలో కార్పెట్ తీస్తే కింద ఎక్కువగా మొజాయిక్ గాని, షాబాద్ బండ గాని, తాండూరు బండ గాని బయటపడుతుంది. కార్పెట్‌ను పట్టీలుగా కోసి చుట్టి బయట పెట్టడం ఎవరికైనా వచ్చిన పనే కనుక, చిక్కు మొదలయ్యేది ఆ తరువాతే.

కార్పెట్ ఊడివచ్చి దాని అడుగు ఫోమ్ మాత్రం నేలకే అతుక్కుని ఉంటే, అది వయసు తీరి పొడిబారిందని అర్థం. కాస్త నీరు చిలకరించి, మాస్కు కట్టుకుని, లప్పం బ్లేడును దాదాపు నేలకు ఆనించి పట్టి గీకితే సరిపోతుంది.

ఫోమ్ పోయినా కాలికి జిగట తగులుతుంటే అది రబ్బరు జిగురు. నీటికి కరగదు, థిన్నర్‌కు కరుగుతుంది. కిటికీలన్నీ తెరిచి, వంటింటి స్టవ్వుతో పాటు దేవుడి దగ్గర దీపం కూడా ఆర్పి, జానెడు చోటు చొప్పున తుడవాలి. బాత్రూమ్ యాసిడ్ మాత్రం ఎవరు చెప్పినా పోయవద్దు. షాబాద్, తాండూరు బండలు రెండూ సున్నపురాయి జాతివే, మొజాయిక్‌లోని పలుకులు సాధారణంగా పాలరాయివి. యాసిడ్ తగిలిన చోటల్లా నురగ వచ్చి మెరుపు పోతుంది, దానిని తిరిగి తెప్పించడానికి పాలిష్ మిషన్ పిలవవలసి వస్తుంది.

శుభ్రం చేసిన నేల వారం తిరగకుండానే మళ్లీ జిగటగా మారి, ముక్కవాసన వేసి, బండల సందుల్లో తెల్లని పొడి తేలితే, అందరూ జిగురునే తిట్టుకుంటూ మరో డబ్బా థిన్నర్ కొంటారు. నేనూ అలాగే మోసపోయాను. బర్కత్‌పురాలో రెండో అంతస్తు ఫ్లాటులో ఒకే మూలను మూడుసార్లు తుడిచాను. ఆ మూల గోడకు అవతల బాత్రూమ్ ఉందన్న సంగతి, కింది ఇంటావిడ వచ్చి తమ స్లాబుకు పెచ్చులూడుతున్నాయని చెప్పేదాకా నాకు తట్టనే లేదు. నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేలలోని నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) అతుకు దగ్గర కారిన నీరు బాత్రూమ్ కింది సంకెన్ స్లాబులో, అంటే పైపుల కోసం గది మట్టానికి దించి పోసిన స్లాబులో, నిండి గదిలోకి ఊరుతోంది. ఇన్నాళ్లూ ఆ తడిని కార్పెట్ పీల్చుకుని దాచింది. తడితో పాటు సిమెంటులోని క్షారం పైకి వచ్చి మిగిలిన జిగురును మెత్తబరుస్తుంది, ఉప్పు ఎండి తెల్లపొడిగా మిగులుతుంది.

థిన్నర్ కొనడానికి ముందే చేయవలసిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. అడుగున్నర చదరం మందపాటి పాలిథిన్ కాగితాన్ని నేల మీద పరచి, నాలుగు అంచులకూ టేపు గట్టిగా అతికించి, ఒక పగలు, ఒక రాత్రి వదిలేయాలి. కాగితం అడుగున చెమ్మ చుక్కలు కడితే, లేదా దాని కింది బండ నల్లబడితే తడి కిందినుంచి వస్తున్నట్టు. కాగితం పైన మాత్రమే చెమ్మ ఉంటే అది వానాకాలపు గాలిది, కంగారు అక్కరలేదు.

తడి కిందినుంచే అయితే బాత్రూమ్‌ను రెండు రోజులు వాడకుండా చూడండి. మూల ఆరుతూ వస్తే తప్పు ట్రాపుదో, టైల్స్ సందులదో. అప్పుడు ట్రాప్ మూసి, అంగుళం నీరు నింపి, మట్టం దగ్గర పెన్సిల్ గీత పెట్టి మర్నాడు చూస్తే తేలుతుంది: నీరు గీత కిందికి బాగా దిగితే టైల్స్ సందులది, దిగకపోతే ట్రాపుది. వాడకపోయినా తడి తగ్గకపోతే గోడలోని నీటి పైపును అనుమానించి ప్లంబర్ చేత ప్రెషర్ పరీక్ష చేయించాలి. మరమ్మతు అయిన వెంటనే కొత్త వినైల్ షీటు పరచవద్దు. స్లాబులో నిండిన నీరు ఆరడానికి వారాలు పడుతుంది, పాలిథిన్ పరీక్ష మళ్లీ చేసి పొడిగా తేలాకే పరచాలి.

గ్రౌండ్ ఫ్లోరులో భూమి తేమ ఎక్కడం, కార్పెట్ అంచున కొట్టిన చెక్క పట్టీలకు చెదలు పట్టడం వంటివి ఎప్పుడో ఒకసారి ఎదురవుతాయి. చెదలైతే ఆ పట్టీలు పీకి పారేసి మందు కొట్టించండి.